ఐదు నెలల్లో రెండోసారి తెగిన యాక్సిలరేటర్ కేబుల్

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, చదివే మిగతావాళ్ళకీ సంగతి తెలుస్తుంది. నాన్నగారి 1997 మోడల్ మారుతి 800, కార్బరేటర్ బండి. సత్తుపల్లి నుంచి ఖమ్మం వస్తుంటే దారిలో పెడల్ ఒక్కసారిగా వదులైపోయి నేలకు తగిలింది. ఇంజను మాత్రం స్లోలో, అంటే పెడల్ మీద కాలు పెట్టనప్పుడు తిరిగే వేగంలో, నడుస్తూనే ఉంది. బానెట్ ఎత్తి చూస్తే యాక్సిలరేటర్ కేబుల్ తెగి ఉంది. మీ బావగారు కార్బరేటర్ లివరుకి నైలాన్ తాడు కట్టి, కిటికీలోంచి చేత్తో లాగుతూ బండిని ఇంటికి చేర్చారు. ఐదు నెలల కిందటే మెకానిక్ దగ్గర ఇదే కేబుల్ కొత్తది వేయించారు. ఈసారి మీరే మార్చుకుందామనుకుంటున్నారు, ఎలా అని అడిగారు. చివర్లో ఏదో మాటవరసకి అన్నట్టు, ఈమధ్య సెల్ఫ్ కూడా నీరసంగా తిరుగుతోంది, బ్యాటరీ మార్చాలేమో అని ఒక ముక్క రాశారు.

నాకు ఆ చివరి ముక్క దగ్గరే చూపు ఆగింది. కేబుల్ మార్చడం పెద్ద పనేం కాదు. మొదటిసారి చేసేవాళ్ళకి గంటన్నర, అలవాటైన చేతికి అరగంట. కానీ 800లో సరిగ్గా వేసిన కేబుల్ ఏళ్ళ తరబడి ఉంటుంది. ఐదు నెలలకే తెగిందంటే దాన్ని ఏదో తెంపుతోంది. అదేంటో చూడకుండా మూడోది వేస్తే దసరాకో సంక్రాంతికో మళ్ళీ రోడ్డు పక్కనే నిలబడతారు. ఎలా మార్చాలో చెప్తాను, ఎందుకు తెగిందో కనిపెట్టే దారి కూడా చెప్తాను. రెండోదే కాస్త పొడుగు.

ముందు ఆ తాడు సంగతి. బావగారి ధైర్యానికి దణ్ణం, కానీ ఇంకెప్పుడూ అలా చేయకండి. తాడు లాగితే త్రాటిల్, అంటే కార్బరేటర్‌లోంచి ఇంజనుకి గాలీ పెట్రోలూ వదిలే చిన్న తలుపు, తెరుచుకుంటుంది, నిజమే. వదిలినప్పుడు మూసుకోవాలి కదా. ఆ తాడు బానెట్ అంచుకో వైపర్ చేతికో పట్టేసిందనుకోండి, త్రాటిల్ తెరుచుకునే ఉంటుంది, బండి పరిగెడుతూనే ఉంటుంది. పైగా ఒక చేయి తాడు మీద, ఒకటి స్టీరింగ్ మీద ఉంటే గేరు ఎవరు మారుస్తారు? పాత కార్బరేటర్ బండిలో దీనికంటే నయమైన ఉపాయం డాష్‌బోర్డు మీదే ఉంది, చోక్ నాబ్. దాన్ని కొంచెం బయటికి లాగితే కార్బరేటర్‌లో ఫాస్ట్ ఐడిల్ ఏర్పాటు త్రాటిల్‌ని కాస్త తెరిచి పట్టుకుంటుంది, ఇంజను రేస్ పెరుగుతుంది. మొదటి గేరులో, మరీ సాఫీ రోడ్డయితే రెండో గేరులో, మనిషి పరుగంత వేగంతో పోవచ్చు. వేడెక్కిన ఇంజనుకి చోక్ ఎక్కువసేపు పడదు, పెట్రోలు ఎక్కువై ముక్కుతుంది. అలాంటప్పుడు స్లో స్క్రూని రెండు మూడు చుట్లు బిగించి రేస్ పెంచుకోవాలి. ఎన్ని చుట్లు తిప్పారో లెక్క గుర్తుంచుకోండి, ఇంటికొచ్చాక అన్ని చుట్లూ వెనక్కి తిప్పాలి. ఆ పక్కనే ఉండే మిక్చర్ స్క్రూ మాత్రం ముట్టుకోకండి. లివరుని ఆపి ఉంచేది స్లో స్క్రూ, కార్బరేటర్ ఒంట్లోకి దిగి ఉండేది మిక్చర్ స్క్రూ. ఇలా వెళ్ళేది కూడా ఊళ్ళోకో, పక్కనున్న షెడ్డుకో, అంతవరకే. హైవే మీద పొరపాటున కూడా వద్దు.

ఇప్పుడు కేబుల్ గురించి ఒక మాట తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఇది సైకిల్ బ్రేకు వైరు లాంటిదే. లోపల సన్నటి ఉక్కు తీగలు పేనిన తాడు, బయట స్ప్రింగులా చుట్టిన ఉక్కు గొట్టం, దాని మీద ప్లాస్టిక్ తొడుగు, తీగకీ గొట్టానికీ మధ్య నున్నటి లైనరు. 1896లో ఇంగ్లండులో బౌడెన్ అనే ఆయన పేటెంటు తీసుకున్న ఉపాయం, ఇప్పటికీ అదే. మనం లోపలి తీగనే చూస్తాం కానీ బయటి గొట్టం పని కూడా అంతే ఉంది. తీగ ఎంత బలంగా లాగుతుందో, గొట్టం అంత బలాన్నీ రెండు చివర్లా తోపుగా మోస్తుంది. అందుకే గొట్టం రెండు కొసలూ కదలకుండా బిగిసి ఉండాలి. ఒక కొస బానెట్ లోపలి గోడకి, అంటే ఫైర్‌వాల్‌కి. రెండోది కార్బరేటర్ దగ్గరి బ్రాకెట్‌కి. ఫైర్‌వాల్ దగ్గర రబ్బరు బుష్ చివికిపోయి గొట్టం అటూ ఇటూ జరుగుతుంటే పెడల్ సగం తొక్కుడు ఆ జరుగుడుకే పోతుంది. పికప్ లేదు సార్ అని వచ్చిన బళ్ళలో కార్బరేటర్ విప్పే ముందు నేను చూసేది ఆ బుషే.

కేబుల్ కొనే ముందు అది నిజంగా తెగిందో లేదో చూశారా? మీ విషయంలో బావగారు కళ్ళారా చూశారు కాబట్టి సరే. ఇతరుల కోసం చెప్తున్నాను. పెడల్ వదులైందంటే తీగ తెగిందనే అర్థం కాదు. పెడల్ చేతికి ఉండే గాడిలోంచి తీగ కొసన ఉన్న లోహపు గుబ్బ, అంటే నిపిల్, జారిపోయినా, కార్బరేటర్ దగ్గర గొట్టాన్ని బ్రాకెట్‌కి పట్టి ఉంచే చెక్ నట్లు వదులై గొట్టం ఊడినా అచ్చం అలాగే ఉంటుంది. రెండు నిమిషాల్లో సరిచేసుకునే దానికి కొత్త కేబుల్ వేయించుకున్న వాళ్ళు ఉన్నారు.

800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా కేబుల్‌కి వెతుకులాట అక్కర్లేదు, 1983 నుంచి రోడ్ల మీదికి వచ్చిన బండి, ఆ 796 సీసీ ఇంజను తెలియని షెడ్డు లేదు. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగితే వెంటనే ఇస్తారు, ఖమ్మంలో మీ దగ్గరి స్పేర్ పార్ట్స్ షాపులో కూడా దొరకాలి. అయితే కౌంటరు దగ్గర మారుతీ 800 కేబుల్ అని ఊరికే అడక్కండి. కార్బరేటర్ బండిది వేరు, 2000 ప్రాంతం నుంచి వచ్చిన ఎంపీఎఫ్ఐ బండిది, అంటే కార్బరేటర్ బదులు కంప్యూటరు లెక్కన పెట్రోలు చిమ్మే బండిది, వేరు. పాతదాన్ని విప్పి చేతిలో పట్టుకెళ్ళి, పక్కన పెట్టి పొడుగూ, రెండు కొసల నిపిళ్ళ ఆకారమూ, గొట్టం చివరి మరలూ కలిశాయో లేదో చూసుకుని తీసుకోండి. తీసుకునే ముందు షాపులోనే ఒక పరీక్ష. గొట్టాన్ని జానెడున్నర వెడల్పు చుట్టలా వంచి పట్టుకుని లోపలి తీగని వేళ్ళతో ముందుకీ వెనక్కీ ఆడించండి. నూనె రాసిన జారుడుబల్ల మీదలా పోవాలి. గరగరమన్నా, ఎక్కడైనా ఒక్క క్షణం పట్టినా, ఇంకోటి చూపించమనండి. తర్వాత నిపిల్ దగ్గర చూడండి, తీగ పేటలన్నీ లోపలికి వెళ్ళాయా, ఒకటి రెండు బయటే కత్తిరించి ఉన్నాయా. చవక సరుకులో లోపం అక్కడే దొరుకుతుంది.

కొత్త కేబుల్‌లో గ్రీజు కుక్కాలా అని చాలామంది అడుగుతారు. లైనరున్న కేబుల్‌కి వద్దు. ఫ్యాక్టరీలోనే కావలసినంత ఉంటుంది. పైన గ్రీజు పెడితే దుమ్ము పట్టి, గంధం అరగదీసినట్టు ముద్దై, రెండు వేసవుల్లో బిగుసుకుంటుంది. నిపిల్ తిరిగే గాడిలో మాత్రం ఒక చుక్క, అంతే.

ఇక విప్పడం. ఇంజను చల్లారనివ్వండి. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్యాటరీ నెగటివ్ క్లాంపు తీసేయండి. పదో నంబరు, పన్నెండో నంబరు స్పానర్లు, ఒక కటింగ్ ప్లయరు, టార్చి, ఒక బట్ట ఉంటే చాలు. ఏదీ కదిలించక ముందే ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకోండి: కేబుల్ ఎటునుంచి ఎటు పోయింది, దేని పైనుంచి, దేని కిందనుంచి, చెక్ నట్లు మర మీద ఎక్కడున్నాయి.

కార్బరేటర్ కనిపించాలంటే ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయాలి. దానికొచ్చే రబ్బరు గొట్టాలు ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి, ఒక్కటి మరిచినా తర్వాత స్లో నిలబడక తల పట్టుకుంటారు. డబ్బా తీసిన మరుక్షణం కార్బరేటర్ నోటిని శుభ్రమైన బట్టతో మూసేయండి. ఈ పని కొత్తలో నేను మూయకుండా పని చేస్తుంటే చిన్న వాషరు ఒకటి చేతిలోంచి జారింది. నేల మీద పడ్డ చప్పుడు రాలేదు. ఆ చప్పుడు రానందుకు కార్బరేటరు మొత్తం విప్పి మధ్యాహ్నం భోజనం సాయంత్రం చేశాను.

బ్రాకెట్ దగ్గర గొట్టానికి అటొకటి ఇటొకటి రెండు నట్లు ఉంటాయి. ఒకటి వదులు చేసి గొట్టాన్ని గాడిలోంచి పక్కకి తప్పించండి. తర్వాత త్రాటిల్ లివరుని వేలితో పూర్తిగా తెరిచి పట్టుకుంటే తీగ వదులవుతుంది, నిపిల్ దాని గూట్లోంచి పక్కకి వచ్చేస్తుంది. ప్లయరుతో పీకాల్సిన పని లేదు, పీకుతున్నారంటే లివరు సరిగ్గా తిప్పలేదన్నమాట. ఇదే సమయంలో లివరుని పదిసార్లు చేత్తో తెరిచి వదలండి. ప్రతిసారీ టక్కుమని మూసుకోవాలి. సోమరిగా వస్తోందంటే షాఫ్టు దగ్గర మడ్డి పట్టింది, కార్బరేటర్ క్లీనరు కొట్టి అది వదిలించండి. బిగిసిన షాఫ్టుని రోజూ లాగే కేబుల్‌కి ఆయుష్షు తక్కువ.

పెడల్ వైపు పనికి ఒళ్ళు వంగాలి. డ్రైవరు సీటు వెనక్కి జరిపి, దాని మీద వెల్లకిలా పడుకుని తల పెడళ్ళ దగ్గర, కాళ్ళు వెనక సీటు వైపు పెట్టుకోవడం తప్ప నాకు ఇంతవరకూ వేరే పద్ధతి దొరకలేదు. పొట్ట ఉన్నవాళ్ళు తమ్ముణ్ణో కొడుకునో పంపండి. టార్చి వేస్తే పెడల్ చేతి పైకొసన గాడి, అందులో తీగ నిపిల్ కనిపిస్తాయి. పెడల్‌ని కొంచెం ఎత్తి తీగని వదులు చేసి గాడిలోంచి తప్పించండి. గొట్టం ఫైర్‌వాల్‌కి పట్టుకుని ఉండేచోట కొన్ని బళ్ళలో క్లిప్పు, కొన్నిట్లో చిన్న బోల్టులు ఉంటాయి. రబ్బరు బుష్‌ని జాగ్రత్తగా తీయండి, కొత్తదాంతో రాకపోతే అదే మళ్ళీ కావాలి.

పాత గొట్టాన్ని బానెట్ వైపు లాగేసే ముందు దాని కొసకి బలమైన దారం ఒకటి కట్టండి. గొట్టం బయటికి వచ్చాక దారం దాని దారిలో ఉండిపోతుంది. కొత్తదాన్ని దానికి కట్టి లాగితే ఎక్కడెక్కడ తిరగాలో అక్కడే తిరుగుతూ వస్తుంది. పైజామాకి నాడా ఎక్కించే పద్ధతే.

బయటికి వచ్చిన పాత కేబుల్‌ని పారేయకండి. మీ జబ్బు పేరు దాని మీదే రాసి ఉంటుంది. ఎండలోకి పట్టుకెళ్ళి తెగిన చోట చూడండి. పేటలు ఒక్కొక్కటిగా విడిపోయి చీపురు కొసలా ఉంటే, అది వంపు దగ్గర రోజూ వంగి వంగి అలసిపోయి తెగింది. అలాంటిది తెగే ముందు చెబుతుంది కూడా, పెడల్ కొద్దిగా గరుకు, వదిలినా స్లో పూర్తిగా దిగకపోవడం. నిపిల్ మాత్రం ఊడి తీగ కొస గుండ్రంగా నున్నగా ఉంటే, అది కేబుల్ తయారీ లోపం, ఇంకేం వెతకనక్కర్లేదు. మూడోది, మీ బండిలో ఉంటుందని నా అనుమానం ఉన్నది: గొట్టం మీది ప్లాస్టిక్ ఎక్కడైనా ఉబ్బి, మెత్తబడి, కరిగినట్టు ఉంటుంది. లోపలి తీగ నీలంగానో నల్లగానో మారి ఉంటుంది. లోపలి లైనరు కరిగి తీగకి అంటుకుని ఉంటుంది. ఇంజను వేడికి అలా కాదు, సైలెన్సరుకి ఆనుకుంటే తప్ప. అది కరెంటు పని.

యాక్సిలరేటర్ కేబుల్లో కరెంటేంటి అంటారా? సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టరు మోటారు వంద ఆంపియర్లకు పైనే లాగుతుంది. హెడ్‌లైటు బల్బు ఒకటి తీసుకునేది ఐదు. ఆ వంద ఆంపియర్లు పాజిటివ్ లావు వైరులో వచ్చి, మోటారు తిప్పి, ఇంజను ఒంట్లోంచి బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి చేరాలి. ఇంజను రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది, బాడీతో దానికి నేరుగా సంబంధం లేదు. ఆ సంబంధం కలిపేది ఎర్త్ పట్టీ, లావు వైరో, జడలా అల్లిన రాగి పట్టీయో. పాతికేళ్ళ బండిలో అది తుప్పు పట్టి ఉంటుంది, బోల్టు వదులై ఉంటుంది, ఎవరో గేర్‌బాక్సు దించి ఎక్కించినప్పుడు బిగించడమే మరిచిపోయి ఉంటారు. అప్పుడు కరెంటు ఆగిపోదు. ఇంజనుకీ బాడీకీ మధ్య ఇనుము ఇంకెక్కడ దొరుకుతుందా అని చూస్తుంది. యాక్సిలరేటర్ కేబుల్ ఒకటి, చోక్ కేబుల్ ఒకటి, స్పీడోమీటర్ కేబుల్ ఒకటి. వాటిలోంచి పోతుంది. పెన్సిల్ లావు లేని తీగలో స్టార్టరు కరెంటు పోతే అది హీటరు తీగే అవుతుంది. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ కొద్ది క్షణాలు వేడి, లైనరు కొద్దికొద్దిగా కరగడం, తీగ పట్టడం, పట్టిన తీగని కాలు బలంగా లాగడం. ఐదు నెలలు పట్టడంలో ఆశ్చర్యమేముంది?

ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. ఒక స్కూలు పిల్లల్ని తిప్పే మారుతీ వ్యాను ఉండేది, ఇదే 796 సీసీ ఇంజను, ముందు సీట్ల కింద. దానికి ఒకే ఏడాదిలో మూడు యాక్సిలరేటర్ కేబుళ్ళు వేశాను. మొదటిది పాతది కాబట్టి తెగిందన్నాను. రెండోది డూప్లికేట్ సరుకన్నాను, షాపువాడితో గొడవ కూడా పెట్టుకున్నాను. మూడోది ఒరిజినల్ డబ్బా విప్పి వేశాను, నాలుగు నెలలు కూడా ఉండలేదు. నాలుగోది వేసి, చలికాలం పొద్దున్న బండి స్టార్ట్ కాకపోతే, సీటు ఎత్తి నేను చూస్తుండగా డ్రైవరు సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడుతున్నాడు. ఊరికే కేబుల్ మీద చేయి వేశాను. చెయ్యి కాలింది. ఇంజను అప్పటికి ఒక్కసారి కూడా అందుకోలేదు, మంచులా ఉంది, కేబుల్ మాత్రం టీ గ్లాసులా ఉంది. కిందికి దూరి చూస్తే ఎర్త్ పట్టీ ఒక కొస గాల్లో వేలాడుతోంది. అంతకు ముందు క్లచ్ ప్లేట్లు మార్చడానికి గేర్‌బాక్సు దించింది నేనే. షాపువాడికి ఆ రోజే వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను.

మీ బండిలో అదేనా కాదా తెలుసుకోవడానికి ఊహలక్కర్లేదు. ముందు ఒక ప్రశ్న: చోక్ నాబ్ ఈమధ్య లాగడానికి బిగుసుకుందా? అవునంటే అనుమానం సగం తీరినట్టే, ఆ కేబులూ అదే వేడి తింటోంది. మామూలు మల్టీమీటరు ఒకటి తెచ్చుకుని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. తీసిన బ్యాటరీ క్లాంపు ఈ పరీక్షకి మళ్ళీ పెట్టాలి. ఇంజను అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్‌కి వచ్చే సన్న వైరు తీసి పక్కన పెట్టండి, అది దేనికీ తగలకుండా టేపు చుట్టండి. మీటరు ఎర్ర కొస ఇంజను ఒంటి మీద, రంగూ మడ్డీ లేని ఇనుము మీద ఆనించండి. నల్ల కొస బ్యాటరీ నెగటివ్ స్తంభం మీదే, దాని క్లాంపు మీద కాదు. ఒకరు ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి, మీరు అంకె చూడాలి. సున్నా పాయింట్ రెండు లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే తప్పకుండా లోపం ఉంది. ఒక వోల్టు, ఒకటిన్నర చూపించిన బళ్ళు కూడా చూశాను, వాటి ఓనర్లందరూ అప్పటికే కొత్త బ్యాటరీ కొన్నారు.

మీటరు లేకపోతే జంపర్ కేబుల్ చాలు. ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజను మీద గట్టి బోల్టుకి పట్టించి సెల్ఫ్ కొట్టండి. నీరసంగా తిరిగేది ఒక్కసారిగా చురుగ్గా తిరిగితే బ్యాటరీ మంచిదే, స్టార్టరూ మంచిదే, ఎర్తే పోయింది. ఇంకో సాక్ష్యం ఉంది, బహుశా మీరు ఇప్పటికే గమనించి ఉంటారు: యాక్సిలరేటర్ కేబుల్ తెగాక సెల్ఫ్ ఇంకొంచెం నీరసించిందా? దొంగదారి ఒకటి మూసుకుపోయింది కదా మరి.

బాగు చేయడం తేలికే. పట్టీ రెండు కొసలూ విప్పి, అది ఆనే చోటు గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి, రంగు మీద బిగిస్తే బిగించనట్టే. పట్టీ పచ్చబారి పేటలు తెగి ఉంటే కొత్తది వేయండి, యాక్సిలరేటర్ కేబుల్ కంటే ఖరీదేం కాదు. పళ్ళ వాషరు వేసి బిగించి, పైన కొంచెం పెట్రోలియం జెల్లీ రాయండి. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి పోయే వైరు కొస కూడా అప్పుడే చూసుకోండి.

ఎర్త్ బాగుందని మీటరు చెబితే తర్వాతి అనుమానం ఇంజను మౌంటు మీద. మౌంటు రబ్బరు చిరిగితే క్లచ్ వదిలిన ప్రతిసారీ ఇంజను ఊగి కేబుల్‌ని గుంజుతుంది. హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, ఫుట్ బ్రేక్ తొక్కి, ఫస్ట్ గేరులో క్లచ్ కాస్త వదిలి పట్టండి, బానెట్ పక్కనుంచి ఇంకొకరు చూడాలి. బండి ముందు మాత్రం ఎవరూ నిలబడకూడదు. ఇంజను బాగా లేచి కూర్చుంటుంటే మౌంటు మార్చాలి.

ఇప్పుడు బిగింపు. దారంతో కొత్త కేబుల్ లాగి, ముందు ఫైర్‌వాల్ బుష్ గట్టిగా కూర్చోబెట్టండి, తర్వాత పెడల్ గాడిలో నిపిల్, చివర్లో కార్బరేటర్ వైపు. ఎక్కడా పదునైన మలుపు ఉండకూడదు, సైలెన్సరు మానిఫోల్డుకి దగ్గరగా పోకూడదు, ప్లాస్టిక్ టైతో బిగదీసి కట్టకూడదు. ఇంజను ఊగడానికి గొట్టంలో కొంత వదులు ఉండాలి.

టైటు పెట్టడం దగ్గరే అందరూ పొరపడతారు. కాలు పెట్టగానే బండి దూకాలని తీగని వీణ తంత్రిలా లాగి బిగిస్తారు. అలా చేస్తే త్రాటిల్ పూర్తిగా మూసుకోదు, స్లో దిగదు, మీరు స్లో స్క్రూ తిప్పి తిప్పి విసిగిపోతారు. కార్బరేటర్ దగ్గర బయటికి కనిపించే తీగ ముక్కని చూపుడు వేలితో మధ్యలో నొక్కితే కొన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాలి, లివరు కదలకూడదు. అంత చాలు. తర్వాత ఒకరిని కూర్చోబెట్టి, ఇంజను ఆపే ఉంచి, పెడల్ పూర్తిగా తొక్కమనండి. లివరు దాని చివరి స్టాపరుకి ఆనాలి, అదే సమయానికి పెడల్ కూడా కింద దాని స్టాపరుకి ఆనాలి. లివరు ముందే ఆగిపోయి పెడల్ ఇంకా దిగుతోందంటే, ఆ మిగిలిన తొక్కుడంతా తీగ మీద పడుతుంది. డ్రైవరు కాలి బరువు మోయాల్సింది పెడల్ స్టాపరు, కేబుల్ కాదు. ఐదు నెలల్లో తెగడానికి ఇది కూడా కారణం కావచ్చు, పోయినసారి ఎవరూ చూసి ఉండరు.

రెండు చెక్ నట్లూ బిగించాక పెడల్‌ని ఇరవైసార్లు తొక్కి వదలండి. ప్రతిసారీ కార్బరేటర్ దగ్గర టక్కు వినపడాలి. లివరు మీది రిటర్న్ స్ప్రింగు సాగిపోయి ఉంటే కొత్తది వేయండి. పెడల్ తేలిగ్గా ఉంటుందని స్ప్రింగు తీసేసేవాళ్ళు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. కార్పెట్ మీద రబ్బరు మ్యాటు, దాని మీద ఇంకో మ్యాటు ఉంటే పైది తీసి డిక్కీలో పడేయండి, పెడల్ కింద ఇరుక్కుంటుంది. కార్బరేటర్ మీద కప్పిన బట్ట తీశారా? నవ్వకండి, అడగాల్సిన ప్రశ్నే. గొట్టాలు పెట్టి, డబ్బా బిగించి, కాయిల్ వైరు కలిపి స్టార్ట్ చేయండి. బావగారు దారిలో స్లో స్క్రూ ఏమైనా కదిపి ఉంటే ఇంజను వేడెక్కాక సరిచేసుకోండి. ఏసీ ఉన్న 800 అయితే ఏసీ వేసినప్పుడు రేస్ కాస్త మారుతుంది, దాన్ని కేబుల్ లోపమనుకుని మళ్ళీ విప్పకండి.

మొదటి రోజు ఖాళీ రోడ్డు మీదే తిప్పండి. కొత్త కేబుల్ కానీయండి, పాతది కానీయండి, ఎప్పుడైనా కాలు తీసినా రేస్ దిగకపోతే క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్ చేసి, బ్రేకు మీద పక్కకి ఆపాలి. ఇంజను అరుస్తుంది, అరవనివ్వండి, అప్పుడు తాళం ఒక మెట్టు వెనక్కి తిప్పి ఆపండి. కదులుతున్న బండిలో తాళం బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది.

ఎంపీఎఫ్ఐ 800, తొలి ఆల్టోలు ఉన్నవాళ్ళకి కూడా ఇదంతా చాలావరకు పనికొస్తుంది. ఒక్క తేడా, త్రాటిల్ బాడీ మీది స్టాపర్ స్క్రూని ముట్టుకోవద్దు, అక్కడ స్లో చూసుకునేది కంప్యూటరు. మరీ కొత్త బళ్ళలో కేబులే లేదు, పెడల్ నుంచి వైర్లే వెళ్తాయి.

మీరు మాత్రం ఆదివారం పని మొదలుపెట్టే ముందు శనివారం సాయంత్రమే ఆ మీటరు పరీక్ష చేయండి. వచ్చిన అంకె, పాత కేబుల్ తెగిన కొస ఎలా ఉందో, చోక్ నాబ్ సంగతి, ఈ మూడూ నాకు చెప్పండి. అంకె అర వోల్టు దాటితే ముందు పట్టీ కొనండి, కొత్త కేబుల్‌ని అప్పటిదాకా డబ్బాలోంచి తీయకండి.